బొట్టు పెట్టి పిలిచిన బడి

ఏప్రిల్ నెలాఖరుకొచ్చేసరికి ప్రైవేటు బడుల్లో పనిచేసే ఆడపిల్లలను ముఖం చూసే గుర్తుపట్టేస్తాను నేను. పరీక్షలు అయిపోయాయన్న సంతోషం ఆ ముఖాల్లో కనిపించదు. వచ్చే ఏడాదికి పిల్లల్ని ఎక్కణ్ణుంచి పట్టుకురావాలన్న బెంగే కనిపిస్తుంది. మొన్న మా పక్కింటి టీచరమ్మాయి కనబడ్డ ప్రతి నంబరుకీ ఒకటే మెసేజీ పంపి పంపి, విసుగొచ్చి ఫోను పక్కన పడేసి, "మీ రోజుల్లో ఈ గోల లేదు కదా ఆంటీ" అంది. "మా రోజుల్లో ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచాం తల్లీ" అన్నాను. నేను వేళాకోళం ఆడుతున్నానని అనుకుంది. ఆ అమ్మాయి కోసమూ, ఆ అమ్మాయిలాంటి వాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను.

నేను తెనాలిలో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో సోషల్ చెప్పేదాన్ని. రిటైరయ్యానని అందరితో చెబుతుంటాను గానీ, అలాంటి బళ్ళలో రిటైర్మెంటు అనేదేమీ ఉండదు. ఒక జూన్‌లో మనకు పిలుపు రాదు, అంతే. మాలో ఎవరికీ పేర్లు కూడా ఉండేవి కావు. తెలుగు మేడం, హిందీ మేడం, లెక్కల మేడం, సోషల్ మేడం. జీతాల రోజు సంతకం పెట్టేటప్పుడు మాత్రం మాకు తల్లిదండ్రులు పెట్టిన పేర్లు గుర్తుకొచ్చేవి. ఇంచుమించు అందరమూ ఆడవాళ్ళమే. ఆడవాళ్ళు చదువు బాగా చెబుతారని కాదు, ఇంటికి దగ్గరగా ఉంటే చాలు, ఎంతిచ్చినా వస్తారని.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బడి అంటే పక్కా వ్యాపారమైపోయింది. సర్కారు బళ్ళలో పిల్లలు పలచబడుతున్నారు. పలచబడ్డ చోట టీచరు పోస్టు ఎత్తేస్తారని చెప్పుకునేవారు. సందుకో కాన్వెంటు పుట్టింది. అప్పుడే స్టేషను దగ్గర మూడంతస్తుల మేడ ఒకటి లేచింది. పేరు చివర టెక్నో అనో ఒలింపియాడ్ అనో తగిలించుకునే పెద్ద బడులు వస్తున్న రోజులవి. వాళ్ళ దగ్గర కంప్యూటర్లున్నాయి, టై ఉంది, ర్యాంకుల ఫోటోలున్నాయి. మా కరస్పాండెంటు గారికి, అంటే మా బడి యజమానికి, నిద్ర పట్టడం మానేసింది. ఆయన చెడ్డవాడేం కాదు. రేకుల షెడ్డులో ట్యూషన్లు చెప్పి, ఒక్కో గదీ కట్టుకుంటూ పైకొచ్చిన మనిషి. కాకపోతే ఆయన భయపడినప్పుడల్లా ఎండలో తిరగాల్సింది మేమే.

ఆ వేసవిలో ఆయన మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, తలా పదిమంది కొత్త పిల్లల్ని తేవాలన్నారు. తేలేనివాళ్ళు జూన్‌లో రానక్కర్లేదు. అది పాత మాటే, ప్రతి ఏడూ అనేదే. కొత్త మాట ఆ తర్వాత వచ్చింది.

"కరపత్రం ఇస్తే చూసి అవతల పారేస్తారు మేడం. అదే బొట్టు పెట్టి పిలిస్తే? పెళ్ళికి అలా పిలిస్తే వెళ్ళకుండా ఉంటారా? మా పిల్లల్ని ఇంకో బళ్ళో వేస్తామనడానికి వాళ్ళకి నోరెలా వస్తుందండి?"

ఆ ఆలోచన ఎవరికొచ్చిందో గానీ, మనుషుల మొహమాటం ఎక్కడుంటుందో బాగా తెలిసినవాళ్ళకే వచ్చి ఉండాలి. మర్నాటికల్లా కుంకుమ భరిణెలు, ప్లాస్టిక్ పళ్ళేలు వచ్చేశాయి. పట్టుచీర కట్టుకుంటే మంచిదన్నారు. మే నెలలో, తెనాలి ఎండలో, పట్టుచీర!

లెక్కల మేడం దగ్గరికొచ్చేసరికి ఆయన నసిగారు. ఆమెకు భర్త పోయి నాలుగైదేళ్ళయింది. నుదుట బొట్టుండేది కాదు. పెట్టుకోవద్దని ఎవరూ అనలేదట, ఆయన పోయాక తనకే పెట్టుకోబుద్ధి కాలేదట.

"మీరు ఎండలో తిరగొద్దులెండి మేడం, ఆఫీసులో కూర్చుని ఫోన్లు చూసుకోండి."

"మరి నా పదిమంది సంగతేంటి సార్?"

"అది అందరికీ ఒకటే రూలు కదండీ."

ఆ మాట ఆయన ఎంత మర్యాదగా అన్నారంటే, అందులో ఉన్న అన్యాయం మాకు ఎక్కడానికి ఒక నిమిషం పట్టింది. ఆమెకు మాత్రం వెంటనే ఎక్కింది. "అలాగేనండి" అని లేచి వెళ్ళిపోయింది.

ఆమె పరిస్థితి మాకందరికీ తెలుసు. రేపల్లెలో తల్లి దగ్గర ఉంటూ, రోజూ పాసింజరులో కూతురితో కలిసి తెనాలి వచ్చేది. కూతురు మా బళ్ళోనే ఫీజు లేకుండా చదువుతోంది. టీచరు పిల్లలకు ఆ ఒక్క సదుపాయం ఉండేది. ఆ జూన్‌కి ఆ పిల్ల టెన్త్‌లోకి వస్తుంది. తల్లి ఉద్యోగం పోయిందంటే కూతురి సీటూ పోయినట్టే.

ఇక మా బొట్టు యాత్ర గురించి చెప్పాలి. నేనూ హిందీ మేడమూ ఒక జట్టు. ఆమెకు అప్పుడు ఏడో నెల. రెండు వీధులు తిరిగేసరికి పాదాలు బూరెల్లా పొంగేవి. ఏ అరుగు మీదో కూలబడి, "అక్కా, నువ్వెళ్ళి పెట్టేసి రా, నేను ఇక్కణ్ణుంచే నవ్వుతా" అనేది. ఒక ఇంట్లో ముసలావిడ బొట్టు పెట్టించుకుని, "ముహూర్తం ఎప్పుడమ్మా? పిల్లాడేం చేస్తాడు?" అని ఆప్యాయంగా అడిగింది. బడి గురించమ్మా అంటే, "బడికి బొట్టేంటే, చోద్యం కాకపోతే!" అని మా వెనకే గుమ్మం దాకా వచ్చి నవ్వింది. ఇంకో వీధిలోకి వెళ్ళేసరికి అక్కడ అప్పటికే అందరి నుదుటా తడి ఆరని కుంకుమ. మాకంటే ముందు ఇంకో బడి వాళ్ళు పెట్టేసి పోయారు! మా కరస్పాండెంటు గారి రహస్యం రెండు రోజులు కూడా ఆగలేదన్నమాట.

స్టేషను నుంచి మా బడికి వచ్చే దారిలో ఒక ఇరుకు వీధి ఉంది. అక్కడ ఒక గుమ్మంలో నడివయసు ఆవిడ చేపలు కడుగుతుంటే, నేను ధాటీగా వెళ్ళి నుదుట బొట్టు పెట్టేశాను. ఆవిడ చేతులు కడుక్కుని, పమిట చెంగుతో మెల్లగా తుడిచేసుకుని, "ఏమనుకోకండమ్మా, మేం ప్రార్థనకి పోతామండి" అంది. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ తర్వాత మేం తెలివిమీరాం. శిలువ బొమ్మ కనబడ్డ ఇల్లు దాటేయడం, గుమ్మానికి పరదా వేలాడే ముస్లింల ఇల్లు దాటేయడం, బొట్టులేని ఆవిడ ఎదురైతే చిరునవ్వు నవ్వి పక్కింటికి పోవడం. అలా దాటుకుంటూ పోతే ఆ వీధి మొత్తం దాటేసినట్టే అయింది.

సరిగ్గా ఆ వీధే లెక్కల మేడం రోజూ నడిచే దారి.

ఆమె ఫోన్ల దగ్గర కూర్చోలేదు. పొద్దున బండి దిగి, కూతుర్ని బడి లైబ్రరీలో కూర్చోబెట్టి, తను ఆ వీధిలోకి వెళ్ళిపోయేది. పళ్ళెం లేదు, కరపత్రం లేదు. ఒకసారి ఉండబట్టలేక నేనూ వెంట వెళ్ళాను. పరదా వేసిన ఒకింట్లో చాప మీద కూర్చుని, ఆ ఇంటి పిల్లాడి చేత బీడీ కట్టల లెక్క వేయిస్తోంది. తల్లితో ఆమె అన్న మాటలు నాకిప్పటికీ గుర్తే.

"మా బళ్ళో ఇంగ్లీషు అంత గొప్పగా ఏం రాదమ్మా, ఉన్నమాట చెప్తున్నా. లెక్కలు మాత్రం నేను చెప్తా. నీ కొడుక్కి రాకపోతే నన్నడుగు. నేను రోజూ ఈ దారంటే పోతాగా, ఎక్కడికీ తప్పించుకోలేను."

బయటికొచ్చాక నాకు చెమటలు పట్టాయి. "ఇంగ్లీషు రాదని చెప్పేశారేంటండీ బాబూ, సార్ వింటే ప్రాణం వదిలేస్తారు" అన్నాను. "చేరాక వాళ్ళకి తెలీదా ఏంటి?" అంది ఆమె.

ఇంకో ఇంట్లో అయితే వస్తానన్న పిల్లనే వద్దనేసింది. ఆ పిల్ల మునిసిపల్ బళ్ళో చదువుతోంది. "అక్కడి టీచరమ్మ బాగా చెప్తుందా?" అని లెక్కల మేడం ఆ పిల్ల తల్లిని అడిగింది. బాగా చెబుతుందండి అంటే, "అయితే కదపకండి. వీళ్ళంతా వచ్చేస్తే ఆమెని ఎక్కడికో ఎత్తేస్తారు, ఆమెకీ ఇల్లూ పిల్లలూ ఉంటారు కదా" అంది. తన సీటుకే దిక్కులేని మనిషి, ఎన్నడూ చూడని ఇంకో టీచరమ్మ సీటు కోసం ఆలోచిస్తోంది! నాకు కోపమొచ్చింది. ఆ కోపం కింద ఆమె మీద గౌరవం ఉందని ఇంటికెళ్ళాక తెలిసింది.

జూన్‌లో అడ్మిషన్ల రోజు వచ్చింది. ఆ రోజు మా ఆఫీసు గదిలో ఒక నల్లబల్ల పెట్టి, దాని మీద మా సబ్జెక్టులు వరసగా రాసేవారు. కరస్పాండెంటు గారు బల్ల పక్కన కూర్చుని, ప్రతి తల్లినీ, "ఎవరు చెప్తే వచ్చారమ్మా?" అని అడిగేవారు. ఆమె ఎవరి పేరు చెబితే ఆ టీచరు కింద ఒక సుద్ద గీత పడేది. మేమంతా గోడకానుకుని నిలబడి, ఎవరి గీతలు వాళ్ళం చూసుకునేవాళ్ళం. వేలంపాటలో సరుకులా ఉండేది మా బతుకు.

నాకు ఎలాగోలా నిండాయి. హిందీ మేడం కింద నాలుగే ఉన్నాయి. పాపం ఆమె గోడకు చేరగిలబడి, చీర చెంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. అసలు మా బళ్ళో కాన్పుకు వెళ్ళిన టీచరెవరూ తిరిగొచ్చింది లేదు. వెళ్ళేటప్పుడు చీరా పూలూ పెట్టి పంపేవారు. వచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకో అమ్మాయి ఉండేది. ఇప్పుడు పదిమందిని తేలేదన్న వంక కూడా దొరికింది.

అప్పుడు ఇరుకు వీధి వాళ్ళు వచ్చారు. ముందు నలుగురైదుగురు, ఆ వెనక ఇంకొందరు. లెక్కల మేడం కింద గీతలు పడుతున్నాయి. ఎనిమిది, తొమ్మిది, పది. హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత వచ్చిన పరదా ఇంటి తల్లి, "ఎవరు చెప్తే వచ్చారమ్మా?" అనగానే, "హిందీ టీచరు" అంది గబుక్కున.

హిందీ మేడం తల ఎత్తి చూసింది. ఆ తల్లిని ఆమె జన్మలో చూడలేదు. తర్వాతి ఆవిడ కూడా హిందీ టీచరే అంది. ఆ తర్వాతి ఆవిడా అదే మాట. నేను లెక్కల మేడం వైపు చూశాను. ఆమె కిటికీలోంచి బయటికి, అక్కడేదో అద్భుతం ఉన్నట్టు చూస్తోంది. అప్పుడర్థమైంది నాకు. తన పదీ నిండాక, మిగిలినవాళ్ళందరికీ ఆ మాట నేర్పి పంపింది.

అంతా బాగానే నడిచేది. కానీ ఆ వరసలో, చేపలు కడుగుతుంటే నేను బొట్టు పెట్టిన ఆవిడ కూడా ఉంది. మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి నిలబడింది. ఎవరు చెప్తే వచ్చారని అడిగితే పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. మళ్ళీ అడిగారు.

"హిందీ టీచరని చెప్పమన్నారండి" అంది. "తప్పుగా అనుకోకండయ్యా, ప్రార్థనకి పోయేదాన్ని, నోటికి రావట్లేదండి. మాకు చెప్పింది లెక్కల టీచరమ్మ. ఈళ్ళందరికీ కూడా ఆమేనండి చెప్పింది" అని, ముందు వెళ్ళినవాళ్ళను కూడా చేత్తో చూపించేసింది.

అబద్ధం నేర్పాలనుకున్నప్పుడు కాస్త మనిషిని చూసి నేర్పొద్దూ! ఆ వీధిలో అబద్ధం చెప్పలేని మనిషిని నేను ఏనాడో చూసి ఉన్నాను, చెప్పి ఉండేదాన్ని కదా.

తల్లిదండ్రులందరూ వెళ్ళేదాకా ఆయన అడ్మిషన్లు కానిచ్చారు. మధ్యాహ్నం మా ముగ్గుర్నీ గదిలోకి పిలిచారు. నన్ను ఎందుకు పిలిచారో తెలియదు, సాక్షిగా అనుకుంటాను.

"ఏంటి మేడం ఇది? బళ్ళోనే దొంగలెక్కలా?"

"లెక్క దొంగది కాదు సార్. పిల్లలు నిజంగానే వచ్చారు కదండీ" అంది లెక్కల మేడం.

ఆయన ఫ్యాను వంక చూసి, "సరే. వాళ్ళంతా మీ పిల్లలే. మీకిక ఏ ఇబ్బందీ లేదు, మీ అమ్మాయి టెన్త్ నిశ్చింతగా చదువుకుంటుంది. హిందీ మేడం గారు మాత్రం ఇంటి దగ్గర రెస్టు తీసుకుంటే మంచిది. ఈ స్థితిలో ఎందుకండీ అవస్థ" అన్నారు.

హిందీ మేడం లేవబోయింది. ఆ పొట్టతో లేవడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. ఆ కాస్త సమయంలో లెక్కల మేడం మాట్లాడింది.

"ఆ వీధివాళ్ళకి నేను ఉంటానని మాటిచ్చానండి. మీ బళ్ళో ఉంటానని చెప్పలేదు, లెక్కలు చెప్తానని చెప్పాను. స్టేషను దగ్గర కొత్త బడి వాళ్ళు కూడా పిలుస్తున్నారు సార్. అది ఆ వీధికి ఇంకా దగ్గర."

అంత మెత్తని గొంతుతో అంత మాట! ఆయన ముఖంలో రంగులు మారాయి. మనుషుల్ని గీతలుగా లెక్కపెట్టడం మాకు నేర్పింది ఆయనే. ఆ గీతలన్నీ లేచి స్టేషను దగ్గరి మేడకు నడిచి వెళ్ళడం ఆయన కళ్ళకు కట్టి ఉంటుంది.

"అయితే ఏం చెయ్యమంటారు?" అన్నారు చివరికి.

"ఆమె కాన్పయి వచ్చేదాకా ఆ క్లాసులు నేనూ సోషల్ మేడమూ చెప్తాం. కొత్త మనిషిని పెట్టకండి. అంతే సార్."

నన్నొక మాట అడగలేదు! నాకు హిందీలో అచ్చులు కూడా సరిగా రావు. అయినా, "అవునండి, చెప్తామండి" అన్నాను, పుట్టుకతోనే హిందీ పండితురాలినైనట్టు. ఆయనకు అందులో రూపాయి నష్టం లేదని తేలాక ఒప్పుకున్నారు. కాన్పుకు సెలవు అనేది చట్టంలో ఎక్కడో ఉంటుందని అంటారు. మా బడి దాకా మాత్రం అది నడిచి రాలేదు. మా రెక్కలతో మేమే తయారుచేసుకున్నాం.

ఆ సాయంత్రం లెక్కల మేడంని బండెక్కించడానికి స్టేషనుకు వెళ్ళాను. కూతురు కాస్త దూరంలో బల్ల మీద కూర్చుని టెన్త్ పుస్తకాలకు అట్టలు వేసుకుంటోంది.

"నిజంగా పిలిచారా ఆ బడి వాళ్ళు?" అని అడిగాను.

"లేదు" అంది. "ఆ మేడ మెట్టు కూడా నేనెక్కలేదు."

"మరి ఆయన 'అయితే వెళ్ళండి' అనుంటే?"

ఆమె కూతురి వైపు చూసింది. "అదే అనుకుంటూ కూర్చున్నాను. కాళ్ళు ఎంత వణికాయో తెలుసా? బల్ల కింద కాబట్టి సరిపోయింది" అని, ఉన్నట్టుండి నవ్వేసింది. "ఆ ప్రార్థనావిడకి రాని అబద్ధం నాకెలా వచ్చిందో చూడండి!"

నేను జీవితంలో చాలామంది ధైర్యవంతుల్ని చూశాను. గొంతు పెంచేవాళ్ళనూ, బల్ల గుద్దేవాళ్ళనూ కూడా చూశాను. వణికే కాళ్ళతో, తన బిడ్డ ఏడాది మొత్తం పందెం కాసి, ఇంకో ఆడదాని కుర్చీ కాపాడిన మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను. ఆ రోజు ప్లాట్‌ఫారం మీద ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేకపోయాను. రేపల్లె పాసింజరు ఎప్పటిలా ఆలస్యంగా వచ్చినందుకు మొదటిసారి సంతోషించాను.

మరుసటి ఏడాది కరస్పాండెంటు గారు బొట్టు పథకం ఎత్తేశారు. అందర్నీ ఇరుకు వీధుల్లోకి వెళ్ళి చాప మీద కూర్చోమన్నారు, తలా పదిహేనుమంది అన్నారు. మంచిపని కనబడితే దాన్ని కూడా కొలతలో పెట్టేయడం వ్యాపారానికి అలవాటే కదా. అది వేరే సంగతి.

హిందీ మేడం ఆ ఏడే బాపట్లలో పుట్టింట్లో పురుడు పోసుకుంది. ఆడపిల్ల. ఒక ఆదివారం నేనూ లెక్కల మేడమూ వెళ్ళి చూసొచ్చాం. ఆమె పిల్లను నా ఒళ్ళో పెట్టి మొదట అడిగింది, "నా కుర్చీలో ఎవరైనా కూర్చున్నారా అక్కా?" అని. లేదన్నా నమ్మలేదు. మళ్ళీ లెక్కల మేడంని అడిగింది.

దసరా సెలవుల తర్వాత, బిడ్డను చూసుకోవడానికి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. మొదటి పీరియడ్ ఆరో తరగతి. ఇన్నాళ్ళూ మేం వెలగబెట్టిన హిందీ ఏపాటిదో ఆమెకు తెలిసిపోతుందని, మేమిద్దరం గుమ్మం బయట దాక్కున్నట్టు నిలబడ్డాం.

"ఏం నేర్చుకున్నారర్రా ఇన్నాళ్ళూ?" అని అడిగింది.

క్లాసంతా లేచి, ఒక్క గొంతుతో, హిందీలో ఒకటి నుంచి వంద దాకా అంకెలు చదివేసింది. అక్కడితో ఆగకుండా రెండో ఎక్కం, మూడో ఎక్కం కూడా హిందీలోనే అందుకుంది. ఆమె చేత్తో ఆపి, "బాగుంది. మరి మొదటి పాఠం ఎవరు చదువుతారు?" అంది. ఒక్క చెయ్యీ లేవలేదు. "పోనీ, ఇంకేం వచ్చు?" అంటే, ముందు బల్ల మీది పాప చెయ్యెత్తి, "ఉత్తర భారతంలో రాజధానులన్నీ వచ్చు టీచర్" అంది. అది నా ఘనకార్యం.

హిందీ మేడం బల్ల పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. నవ్వీ నవ్వీ మా వైపు తిరిగేసరికి ఆ కళ్ళ నిండా నీళ్ళు. పిల్లలు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చేసింది. నా పక్కన లెక్కల మేడం పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత హిందీ మేడం ముఖం తుడుచుకుని, సుద్దముక్క అందుకుని, మాతో అంది:

"మొదటి పాఠం నుంచీ మొదలెట్టాలక్కా."

కాన్పుకు వెళ్ళిన టీచరు తన క్లాసులో నిలబడి ఆ మాట అనగా మా బడి వినడం అదే మొదలు.